ఇంకెవరన్నా ఉన్నరా?

తెల్లవారి ఆరు కాకముందే మణికొండ మర్రిచెట్టు కూడలిలో ఆడవాళ్లు పోగవుతారు. ఒక్కొక్కరి చేతిలో ఒక సంచి. సంచిలో సద్ది డబ్బా, ఓ పాత చీర. పని ఇంట్లో బోళ్లు తోమేటప్పుడు, గచ్చు తుడిచేటప్పుడు కట్టుకోవడానికి ఆ చీర. దారిలో కట్టుకున్నది మాత్రం ఉతికి ఆరేసి మడత పెట్టినదే. ఖాజాగూడ, నానక్‌రాంగూడ, కోకాపేట టవర్లలో వంటిళ్లు వీళ్లు వెళితేగాని తెల్లవారవు. మూసివున్న మందుల దుకాణం మెట్ల దగ్గర నిలబడతారు. షేర్ ఆటో ఆగగానే డ్రైవరు పక్కన ఇద్దరు, వెనక సీటులో నలుగురు, ఆ వెనక కాళ్లు బయటికి వేలాడేసి మరో ఇద్దరు. మిగిలినవాళ్లు మళ్లీ మెట్ల దగ్గరికి వస్తారు.

మొన్నొకరోజు ఒకామె పరుగు పరుగున వచ్చింది. "అక్కా, బస్సు వోయిందా?"

"వస్తే గదనే పోయెటందుకు" అంది మెట్ల మీదున్న పెద్దామె. ఎవరూ నవ్వలేదు.

మణికొండకు బస్సు రాదని కాదు. వస్తుంది. ఎప్పుడొస్తుందో మాత్రం అక్కడ నిలబడ్డవాళ్లలో ఎవరికీ తెలియదు. ఒకటి తప్పిపోతే రెండోదాన్ని నమ్ముకుని పని ఇంటావిడకు మాట ఇవ్వలేరు. మాట ఇవ్వలేని మనిషి ఆటోలో వేలాడుతుంది, లేకపోతే కొడుకు బండి వెనక హెల్మెట్ లేకుండా కూర్చుంటుంది, అదీ లేకపోతే చీకట్లో రోడ్డు పక్కన నడుస్తుంది. ఈ నగరంలో బస్సు అనే నమ్మకం ఎలా నిలబడింది, ఎలా కూలింది అన్నదే నేను చెప్పదలుచుకున్న కథ. అది కూలుతున్నప్పుడు నేనూ ఇక్కడే ఉన్నాను. నా వంతు చెయ్యి కూడా అందులో ఉంది.

నేను 2005లో ఈ ఊరికి అద్దెకు వచ్చాను. అప్పటికి మణికొండ పంచాయతీ. గుట్టలు, బండరాళ్లు, వాటి మధ్య కొత్తగా లేస్తున్న నాలుగంతస్తుల ఇళ్లు. నా పని కోఠిలో ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దడం. పత్రిక ఫారాలు యంత్రమెక్కే రోజుల్లో రాత్రి బాగా పొద్దుపోయేది. మెహదీపట్నం చేరి ఆఖరి ట్రిప్పు పట్టుకోవాలి. ఆ ట్రిప్పులో వచ్చే కండక్టరుకు ఒక అలవాటు ఉండేది. బస్సు కదలబోయే ముందు ఫుట్‌బోర్డు మీద నిలబడి, తల బయటికి పెట్టి, చీకట్లోకి రెండు వైపులా చూసి అరిచేవాడు: "మణికొండ... మణికొండ... ఇంకెవరన్నా ఉన్నరా?" కాసేపు ఆగేవాడు. ఎక్కడో టీ కొట్టు దగ్గర గ్లాసు దించి ఎవరో పరుగెత్తేవారు. ఆ మనిషి ఎక్కాకే "రైట్" అనేవాడు. తన టైము పోతుందని అతనికి తెలియక కాదు. ఆ బస్సు పోతే ఆ మనిషికి ఇల్లు లేదని తెలుసు.

ఆ కండక్టరు వెనక ముప్పాతిక శతాబ్దపు ఆనవాయితీ ఉంది. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే వారి రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. బ్రిటన్ నుంచి వచ్చిన ఆల్బియన్ బస్సులవి. రాష్ట్రమే బస్సు నడపడం అప్పటికి ఈ దేశంలో చాలాచోట్ల ఎరగని సంగతి. మన ఆర్టీసీ బస్సు నంబరులో కనిపించే జడ్ అనే అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరులోదని పాతవాళ్లు చెప్పుకుంటారు. 1951లో ఆ విభాగం హైదరాబాద్ ప్రభుత్వం చేతికి వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ పుట్టింది. రాజులు పోయారు, రాష్ట్రాలు మారాయి, జడ్ మాత్రం నంబరు పలక మీద అలాగే ఉండిపోయింది. ఒక తల్లి పేరు మోస్తూ తిరిగే బండి ఎవరినీ దారిలో వదిలెయ్యదని చిన్నప్పుడు మా నాయనమ్మ అనేది. ఆమెకు చదువు లేదు. బస్సు రంగు చూసి ఎక్కేది.

డబుల్ డెక్కర్ సంగతి ఈ నగరంలో నలభై దాటిన ఎవరినడిగినా చెబుతారు. పైఅంతస్తు ముందు సీటు కోసం పిల్లలు కొట్టుకునేవాళ్లు. అక్కడ కూర్చుంటే చెట్ల కొమ్మలు అద్దానికి తగిలేవి. హుస్సేన్ సాగర్ ఒక పళ్లెంలా కనిపించేది. 2003లో ఆ బస్సులు ఆగిపోయాయి. నష్టాలన్నారు, ఫ్లైఓవర్లు, తీగలు అడ్డొస్తున్నాయన్నారు. నిజమే కావచ్చు. రోడ్డు మీదికి కొత్తగా ఏదైనా వచ్చినప్పుడు పక్కకు జరగవలసింది బస్సే అన్న లెక్క మాత్రం ఆనాడే మొదలైందని నాకిప్పుడు అనిపిస్తుంది. అదే ఏడాది ఆగస్టులో ఎంఎంటీఎస్ రైలు పరుగు మొదలుపెట్టింది. దానికి హైటెక్ సిటీ పేరుతో ఒక స్టేషన్ కూడా ఇచ్చారు. రైలు దిగిన మనిషిని ఆఫీసు దాకా చేర్చే బస్సు రైలు వేళకు రావాలి కదా, ఆ పొంతన ఏనాడూ సరిగ్గా కుదరలేదు.

సైబర్ టవర్స్ 1998 నవంబరులో తెరుచుకున్నాయి. ఆ తరవాత పదేళ్లలో మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఎలా మారాయో చూసినవాళ్లు ఉన్నారు. కొండాపూర్ నుంచి కోఠికి 127కె, సికింద్రాబాద్‌కు 10హెచ్. ఈ రెండు నంబర్లూ ఒక తరం కుర్రాళ్ల నోట పాఠంలా ఉండేవి. ఇంటర్వ్యూ ఫైలు ఛాతీకి అదుముకుని ఫుట్‌బోర్డు మీద నిలబడి వచ్చినవాళ్లే కొన్నాళ్లకు మెడలో కంపెనీ పట్టీ వేసుకుని అదే బస్సులో కూర్చునేవాళ్లు. ఇంకొన్నాళ్లకు కనిపించేవాళ్లు కాదు. బండి కొన్నారన్నమాట. దాన్ని ఎదుగుదల అని మనమంతా సంతోషించాం.

మణికొండకు ఆ ఎదుగుదల ఇంకో విధంగా వచ్చింది. ఇది జాగీరు నేల. హుస్సేన్ షా వలీ దర్గాకు చెందిన భూమా, సర్కారుదా అని వ్యాజ్యం నడిచీ నడిచీ 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో సర్కారు వైపు తేలింది. ఆ తీర్పు వచ్చేనాటికి ఆ నేల మీద ఆకాశానికి అంటే టవర్లు లేచి ఏళ్లయింది. ఎద్దుల బండి తిరగడానికి సరిపడా వేసుకున్న ఊరి బాటల మీదే వేలాది అపార్ట్‌మెంట్లు వాలాయి. ఎవరి స్థలం వాళ్లు అంగుళం వదలకుండా కట్టుకున్నారు. బస్సు తిరగడానికి చోటు కావాలి, ఆగడానికి చోటు కావాలి, డ్రైవరు దిగి మంచినీళ్లు తాగడానికి ఒక చెట్టు కావాలి. ఇళ్ల ప్లానుకు అనుమతి ఇచ్చే కాగితంలో కార్లు పెట్టుకోవడానికి ఎంత చోటు వదలాలో లెక్క ఉంటుంది. ఆ ఇళ్లలో పని చేయడానికి వచ్చేవాళ్ల బస్సు ఎక్కడ ఆగాలో రాసే గడి అందులో లేదు. 2018లో పుప్పాలగూడ, నెక్నాంపూర్‌లను కూడా కలిపి మణికొండను మున్సిపాలిటీ చేశారు. బోర్డు మారింది. బాట వెడల్పు మారలేదు.

నేను 2009లో స్కూటర్ కొన్నాను. వర్షంలో గంటన్నర నిలబడ్డ రాత్రి ఒకటి ఉంది, ఆ మర్నాడే వెళ్లి డబ్బు కట్టాను. తప్పు చేస్తున్నానని అప్పుడు తోచలేదు. ఇప్పుడూ తప్పు అనడానికి నోరు రాదు. ఇంట్లో పిల్లది జ్వరంతో ఉంది. నేను లేచిపోయిన సీటు ఖాళీ అయింది. నాలాంటి వాడు ఇంకొకడు లేచాడు. ఖాళీ సీట్లు లెక్కపెట్టి డిపోలో ఒక ట్రిప్పు తగ్గించారు. ట్రిప్పు తగ్గేసరికి మరో నలుగురు లేచారు. ఈ సుడి ఇలాగే తిరిగింది, నగరమంతటా, ఏళ్ల తరబడి. బండ్లు పెరిగి రోడ్డు నిండాక ఆ రద్దీలో చిక్కుకుని బస్సు ఇంకా ఆలస్యమైంది. గంటకు రెండు ట్రిప్పులు వేయవలసిన బస్సు ఒక్కటి వేసి అలిసిపోతే, డీజిలు ఖర్చు తగ్గదు, జీతం తగ్గదు, టికెట్ల డబ్బు మాత్రం సగమవుతుంది. దాన్ని నష్టం అంటారు. ఆ నష్టం బస్సు తెచ్చుకున్నది కాదు. మేము తెచ్చి దాని నెత్తిన పెట్టినది.

లక్ష జనాభాకు 60 బస్సులు ఉండాలని కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ కొలత పెట్టింది. కోటి మంది ఉన్న నగరానికి 6,000 అన్నమాట. హైదరాబాద్‌లో ఎంత బాగున్న రోజుల్లోనూ నాలుగు వేలు దాటినట్టు లేదు. రైలు, బస్సు, రోడ్డు, అన్నిటినీ ఒక చూపుతో చూసే సమీకృత రవాణా సంస్థ కావాలని 2008 నాటి హెచ్‌ఎండీఏ చట్టంలోనే రాసుకున్నారు. కానీ రోడ్డు ఒకరిది, ఫుట్‌పాత్ ఒకరిది, సిగ్నల్ ఒకరిది, బస్సు ఇంకొకరిది, మెట్రో వేరొకరిది. సిటీ బస్సు నష్టంలో నగరపాలక సంస్థ పాలు పంచుకోవాలన్న నిర్ణయం వచ్చి, జీహెచ్‌ఎంసీ నుంచి 336 కోట్లు ఆర్టీసీకి అందాయి. ఆ తరవాత ఆ చెయ్యి ముడుచుకుంది. ఫ్లైఓవరుకు పెట్టే డబ్బును పెట్టుబడి అన్నారు, బస్సుకు పెట్టే డబ్బును నష్టం అన్నారు. రెండూ ఒకే జనం పన్నులోంచి వచ్చినవే. ఈ ఒక్క మాట మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

2018 జులై 5న గౌలిగూడ పాత బస్టాండు షెడ్డు కూలిపోయింది. అర్ధచంద్రం ఆకారంలో ఉండే పెద్ద ఉక్కు షెడ్డు. నిజాం కాలం నుంచి బస్సులకు నీడ ఇచ్చినది. ముందే ఖాళీ చేయించడంతో ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు పేపర్లో ఫొటో చూశాను. ఏనుగు పక్కకు ఒరిగిపడినట్టు ఉంది.

ఏడాది తిరిగింది. 2019 అక్టోబరు 4 అర్ధరాత్రి దాటగానే ఆర్టీసీ చక్రం ఆగింది. 48 వేల మందికి పైగా ఉద్యోగులు సమ్మెలోకి దిగారు. సంస్థను ప్రభుత్వంలో కలపాలన్నది పెద్ద కోరిక. దానితో పాటు జీతాలు, ఖాళీలు, కొత్త బస్సులు. అది బతుకమ్మ, దసరా వేళ. ఆడబిడ్డలు పుట్టింటికి పోయే రోజులు. 5వ తేదీ సాయంత్రం ఆరు లోపు డ్యూటీకి రానివాళ్లు తమంతట తామే ఉద్యోగం వదులుకున్నట్టు అని ప్రభుత్వం అంది. పది రోజులు తిరక్కముందే ఖమ్మంలో ఒక డ్రైవరు, నగరంలో ఒక కండక్టరు ప్రాణాలు తీసుకున్నారు. స్కూళ్లకు సెలవులు పొడిగించారు. హైకోర్టు మాట్లాడుకోండని చెబుతూ వచ్చింది. మాటలు ఎక్కడా అతకలేదు.

ఆ రోజుల్లో డిపోల దగ్గర కొత్త ముఖాలు కనిపించేవి. డ్రైవరుకు రోజుకు 1,500, కండక్టరుకు 1,000 అని తీసుకున్నారు. నిన్నటిదాకా లారీ నడిపినవాడు, పెళ్లిళ్లకు వ్యాను నడిపినవాడు, ఇవాళ యాభై మందిని ఎక్కించుకున్న సిటీ బస్సు స్టీరింగు ముందు. వాళ్లనేమీ అనను, వాళ్లూ బతకడానికి వచ్చినవాళ్లే. సిటీ బస్సు నడపడం వేరే విద్య. కుడి చేత్తో స్టీరింగు, ఎడమ చేత్తో గేరు, ఒక కన్ను ముందు దూసుకొచ్చే బైకు మీద, ఇంకో కన్ను అద్దంలో ఫుట్‌బోర్డు మీద వేలాడే పిల్లవాడి మీద. ఇరవై ఏళ్లు నడిపినవాడి ఒంట్లోకి ఇంకిన జ్ఞానం అది. అది గేటు బయట ఎర్రజెండా పట్టుకుని కూర్చుంది.

నవంబరు 4న, సమ్మె నెల రోజులు పూర్తిచేసుకునే సమయంలో, గచ్చిబౌలి పక్కన బయోడైవర్సిటీ కూడలి మీద రెండో అంతస్తు ఫ్లైఓవరు తెరిచారు. ఖాజాగూడ వైపు నుంచి మైండ్‌స్పేస్ వైపు పోయేది. పొడవు 990 మీటర్లు, ఖర్చు దాదాపు 69 కోట్లు. మా మణికొండవాళ్లకు అది పండగే. ఆ కూడలిలో రోజూ అరగంట నిలబడేవాళ్లం మరి. నేనూ ఆ వారమే స్కూటర్ మీద వెళ్లాను. పైకి ఎక్కాక గాలి తగిలింది. కింద కూడలి బొమ్మలాగా కనిపించింది. దిగేచోట మలుపు ఒకటి ఒక్కసారిగా ఎదురైంది. చెయ్యి దానంతట అదే బ్రేకు మీదికి పోయింది.

10వ తేదీన ఆ వంతెన మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న ఇద్దరు యువకులు కారు ఢీకొని చనిపోయారు. 23వ తేదీ, శనివారం, మధ్యాహ్నం ఒంటిగంట వేళ, ఒక ఎర్ర కారు అదే మలుపులో అదుపు తప్పి, పక్కగోడ దాటి, గాలిలోకి లేచి కింద రోడ్డు మీద పడింది. అక్కడ గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. కారు వేగం నూరు దాటిందని పోలీసులు చెప్పారు. కింద రోడ్డు పక్కన నిలబడి ఉన్న ఒక మహిళ అక్కడికక్కడే ప్రాణం విడిచింది. మరికొందరు గాయపడ్డారు.

ఆ సీసీ కెమెరా దృశ్యాన్ని ఆ రోజు దేశమంతా చూసింది. అందరూ కారునే చూశారు. అది ఎలా ఎగిరింది, ఎన్ని పల్టీలు కొట్టింది అని. నేను రెండోసారి చూసినప్పుడు కింద రోడ్డును చూశాను. మామూలు మధ్యాహ్నం. ఎండ. ఎటో పోవాల్సిన మనుషులు రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. మూడో క్షణంలో ఏమవుతుందో తెలియని నిలబడటం. అప్పటికి నగరంలో బస్సుల సమ్మె 50వ రోజు. ఆ యాభై రోజులూ ఈ నగరంలో లక్షల మంది అలాగే రోడ్డు అంచున నిలబడి ఉన్నారు, ఏదో ఒక బండి వస్తుందేమోనని. ఆమె తప్పు ఏమిటని అడిగితే చెప్పడానికి ఒక్క మాట దొరకదు. నేల మీద, రోడ్డు అవతల, నిలబడాల్సిన చోటే నిలబడింది.

రోడ్డును, వంతెనను తప్పుగా గీసినా, తప్పుగా కట్టినా, దాని మూలంగా ప్రాణం పోతే కట్టినవాళ్లకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చని సవరించిన మోటారు వాహనాల చట్టంలో 198ఎ అనే సెక్షను పెట్టారు. ఆ చట్టం అప్పటికి మూడు నెలల కిందట, సెప్టెంబరు 1న, దేశంలో అమలుకు వచ్చింది. పెంచిన జరిమానాలు మనం అమలు చేయబోమని మన రాష్ట్రం అదే నెలలో చెప్పింది. జనం మీద భారం పడకూడదని ఆ మాట అన్నారు. ఒక ప్రాణానికి లక్ష అనే లెక్కే నా గొంతుకు అడ్డం పడుతుంది, అది సరే. ఆ లెక్కలో కూడా జనం ఎవరు, భారం ఎవరిది అని ఎవరూ విడమరచి చూడలేదు. వంతెన మూశారు, నిపుణుల కమిటీ వేశారు. మలుపు దగ్గర గోడ ఎత్తు పెంచి, రోడ్డు మీద అడ్డ గీతల గతుకులు వేసి, 40 అని పెద్ద అక్షరాలతో రాసి జనవరిలో మళ్లీ తెరిచారు. అవన్నీ మొదటి రోజే పెట్టగలిగినవి. ఆ మాట ఎన్నిసార్లు అనుకున్నా మనసు అక్కడి నుంచి కదలదు.

ఆ కారు పడిన రెండు రోజులకు, నవంబరు 25న, కార్మిక సంఘాలు సమ్మె విరమించాయి. విరమించినా డ్యూటీలోకి రానివ్వలేదు. డిపోల గేట్ల ముందు మగవాళ్లు, ఆడవాళ్లు యూనిఫారం వేసుకుని నిలబడి ఏడవడం టీవీలో చూశాం. 28 రాత్రి రావచ్చని కబురు వచ్చింది. 29 తెల్లవారి బస్సులు మళ్లీ కదిలాయి. అదే 29న, అదే శుక్రవారం, మెట్రో రైలు రాయదుర్గం దాకా వచ్చింది. పైన మెరిసే పెట్టె, చల్లటి గాలి, నిమిషం తప్పకుండా వచ్చే రైలు. కింద, రెండు నెలలుగా సరిగ్గా కడగని బస్సు. ఒక నగరం ఒకే రోజున ఒకరికి స్వాగతం చెబుతూ, ఇంకొకరిని తలుపు దగ్గర నిలబెట్టి లోపలికి రమ్మనడం చూశాను. మెట్రో మీద నాకు ఏ కోపమూ లేదు. మా అమ్మాయి అందులోనే వెళుతుంది. కానీ రాయదుర్గంలో రైలు దిగినవాళ్లు మణికొండకు ఎలా రావాలి? ఆ నాలుగైదు కిలోమీటర్ల కోసం మళ్లీ రోడ్డు పక్కన నిలబడాలి.

తిరిగి వచ్చిన కార్మికులకు దొరికినది పాత సంస్థ కాదు. డిసెంబరులో కిలోమీటరుకు 20 పైసలు టికెట్ పెరిగింది. పదవీ విరమణ వయసు 58 నుంచి 60కి పెంచారు. సంఘాలు ఉండొద్దని ప్రభుత్వం అంది. ఇక ఆ చలికాలంలోనే హైదరాబాద్ రోడ్ల మీద నుంచి బస్సులు మాయం కావడం మొదలైంది. సిటీలో నష్టం వచ్చే బస్సులు తీసేయాలని నిర్ణయం. ఎనిమిది వందలని కొందరు, వెయ్యి అని కొందరు. మొత్తం బస్సుల్లో నాలుగో వంతు పోయాయి. వాటికి వీడ్కోలు చెప్పినవాళ్లు లేరు. డబుల్ డెక్కర్ పోయినప్పుడు కనీసం పత్రికలు కబుర్లు రాశాయి. ఇవి ఒక్కొక్కటే, ఒక్కో డిపోలో, సాయంత్రం లోపలికి వెళ్లి మర్నాడు బయటికి రాలేదు. కొన్నిటికి సీట్లు పీకి పార్సిళ్లు మోసే కార్గో బండ్లు చేశారు. కొన్నిటిని ఆడవాళ్ల సంచార మరుగుదొడ్లుగా మార్చారు. ఆ మరుగుదొడ్లు అవసరమే, కాదనను. అలాంటి ఒక బస్సును రోడ్డు పక్కన చూసినప్పుడు మాత్రం దాని నుదుటి మీద నంబరు పెట్టె ఖాళీగా ఉండటం చూసి తల తిప్పుకున్నాను.

ఆ తరవాత కరోనా. 2020 మార్చి 22న ఆగిన సిటీ బస్సు సెప్టెంబరు 25న గానీ రోడ్డెక్కలేదు. అదీ నాలుగో వంతే. ఆరు నెలలు బస్సు లేకుండా బతికిన ఊరు బస్సు లేకపోయినా బతకవచ్చని తేల్చుకుంది. ఎలా బతికిందో ఎవరూ అడగలేదు. సెక్యూరిటీ గార్డులు సైకిళ్లు కొన్నారు. పని మనుషుల కొడుకులు కంతుల మీద బైకులు తెచ్చారు, లైసెన్సు రాకముందే. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్రం లెక్క చెప్పింది. నూటికి 44 మందికి పైగా రెండు చక్రాల బండ్ల మీదివాళ్లు, 19 మందికి పైగా నడిచి వెళ్తున్నవాళ్లు. ఆ అంకె చదివినప్పుడు నాకు సాయంత్రం డిపోలోకి వెళ్లి తిరిగిరాని బస్సులు గుర్తొచ్చాయి. ఒక బస్సు తీసేస్తే అందులో ఉన్న యాభై మంది గాలిలో కలిసిపోరు. నలభై మంది బండ్ల మీదికి వస్తారు, పది మంది కాళ్ల మీదికి.

కాళ్ల మీదికి వచ్చినవాళ్లకు మా ఊళ్లో ఏమి దొరికిందో చెప్పి తీరాలి. 2021 సెప్టెంబరు 25, శనివారం రాత్రి. వాన కురిసి ఆగింది. గోల్డెన్ టెంపుల్ దగ్గర డ్రైనేజీ పనికి రోడ్డు పక్కన తవ్వారు. నీళ్లు రోడ్డునూ గుంతనూ ఒకటి చేశాయి. తొమ్మిది దాటాక నడుస్తూ వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అడుగు వేశాడు. ఎదురుగా ఉన్నవాళ్ల కళ్ల ముందే మాయమయ్యాడు. విపత్తు దళాలు వచ్చి కాలువ వెంట వెతికాయి. రెండు రోజుల తరవాత నెక్నాంపూర్ చెరువులో దొరికాడు. ఆ రెండు రోజులూ మా కాలనీలో ఎవరం గట్టిగా మాట్లాడుకోలేదు. నేను ఆ దారిన రోజూ పోతాను. ఆ రాత్రి కూడా పోయాను, అతనికంటే గంట ముందు, స్కూటర్ మీద. గుంత చుట్టూ ఒక తాడు, ఒక ఎర్ర దీపం ఉంటే చాలు. బయోడైవర్సిటీ వంతెన మలుపు దగ్గర లేనిదీ అదే. కింద ఉన్న మనిషి కోసం ఒక నిమిషం ఆగి ఆలోచించడం.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పేరుతో ఆడవాళ్లకు బస్సు ఉచితం చేశారు. మర్నాడు మెహదీపట్నంలో చూశాను. ఎక్కడ దాగి ఉన్నారో ఇంతమంది! గాజుల చేతులు, పూల బుట్టలు, చంకన పిల్లలు, కాలేజీ సంచులు. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకోవడం మళ్లీ ఇరవై ఏళ్ల తరవాత కనిపించింది. ఎక్కేవాళ్లు లేరు కాబట్టి బస్సులు తీశామన్న మాట ఆ ఉదయం ఎంత అబద్ధమో తేలిపోయింది. కానీ ఎక్కడానికి బస్సులు లేవు. పోయిన బస్సులు పోయాయి. డ్రైవరు తలుపు మూసుకోలేక, కండక్టరు అడుగు ముందుకు వేయలేక, "జర ముందలికి జరుగుండ్రమ్మా" అని వేడుకుంటూ, బస్సు ఒక పక్కకు ఒరిగి టోలిచౌకి వైపు కదిలింది. ఒక ముసలామెకు చోటు దొరకలేదు. స్తంభానికి ఆనుకుని నిలబడింది. ఉచితం చేసిన చెయ్యే బస్సులూ ఇస్తుందని ఆమె నమ్మింది కాబోలు.

2025లో కేంద్రం హైదరాబాద్‌కు 2,000 విద్యుత్ బస్సులు కేటాయించింది. అవి వస్తే ఎంత బాగుంటుందో నేను రోజూ అనుకుంటాను. వచ్చినవి మణికొండ బాటల్లో ఎక్కడ తిరుగుతాయి, ఎక్కడ ఆగుతాయి అని కూడా అనుకుంటాను. కూడళ్లలో అంగుళం చోటు మిగల్లేదు. మిగల్చలేదు మేము.

కిందటి నెలలో ఒక రాత్రి మెహదీపట్నం నుంచి వస్తున్నాను. అచ్చాఫీసు ఎప్పుడో మూసేశారు, ఏదో పని మీద వెళ్లాను. సిగ్నలు దాటాక బస్టాపు దగ్గర ఒక బస్సు ఆగి ఉంది. మా వైపుదే. లోపల నలుగురైదుగురు ఉన్నారేమో. స్కూటరుకు దారి లేక దాని తలుపు పక్కనే ఆగాను, ఒక కాలు నేల మీద ఆనించి. కండక్టరు కుర్రవాడు, ముప్పై ఏళ్లు ఉండవు. ఆ పాతాయనను చూసి ఉండడు. ఫుట్‌బోర్డు మీదికి వచ్చి తల బయటికి పెట్టి చీకట్లోకి చూశాడు.

"ఇంకెవరన్నా ఉన్నరా?"

టీ కొట్టు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల షోరూము. అటు నుంచి ఎవరూ పరుగెత్తి రాలేదు. అతని చూపు తిరిగి తిరిగి నా మీద ఆగింది. నేను హెల్మెట్ తీయలేదు. అతను ఇంకాసేపు చూసి, లోపలికి తిరిగి "రైట్" అన్నాడు.